వేరు కాపురం పెట్టిన గొంతు

మా కోనసీమలో సంక్రాంతి దాటి తీర్థాలు మొదలైతే ఆర్కెస్ట్రాల ఫ్లెక్సీలు కరెంటు స్తంభాలకీ, కాలవ వంతెనల రెయిలింగులకీ వేలాడతాయి. పైన గాయకుడి ఫొటో, కింద పేరు, పేరు పక్కన చిన్నక్షరాల్లో ‘ఫలానా ఆర్కెస్ట్రా ఫేం’. ఆ ‘ఫేం’ వెనక ఎంత తగాదా ఉంటుందో నాకు తెలిసింది సుమారు ఇరవై ఏళ్ల కిందట.

అప్పుడు నేను ఒక ఆర్కెస్ట్రాలో ప్యాడ్స్ వాయించేవాణ్ణి. మా మెయిన్ సింగర్‌ని అందరం అన్నయ్య అనేవాళ్లం. పేమెంట్ దగ్గర ఓనరుగారితో మాటా మాటా వచ్చి ఆయన బయటికెళ్లిపోయి సొంత ట్రూపు పెట్టుకున్నాడు. మొదటి ప్రోగ్రాం ఫ్లెక్సీలో తన పేరు కన్నా మా ఆర్కెస్ట్రా పేరే పెద్దగా వేయించాడు. ఓనరుగారు అగ్గి మీద గుగ్గిలం. “పేరు నాది. నువ్వెలా వేసుకుంటావయ్యా?” అన్నారు. “పదేళ్లు ఆ పేరుకి గొంతు నాదే కదండీ” అన్నాడు అన్నయ్య. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది, అదే చిక్కు. చివరికి పెద్దమనుషులు కూర్చుని తేల్చారు: పేరు వాడుకోవచ్చు గానీ చిన్నక్షరాల్లో, పక్కన ‘ఫేం’ తగిలించి.

ఆ మొదటి ప్రోగ్రాంకి ఓనరుగారికి తెలియకుండా సైకిలేసుకుని వెళ్లాను. కీబోర్డులో దాచిన రిథమ్‌లన్నీ మా దగ్గరే ఉండిపోయాయి కాబట్టి అన్నయ్య పక్కన ఒక డోలక్, ఒక హార్మోనియం తప్ప ఏమీ లేవు. స్పీడు పాటలు వాటితో నడవవు. అందుకని మా స్టేజీ మీద ఎప్పుడూ పాడనివ్వని జానపదాలు, నాటకాల పద్యాలు తీశాడు. సగం జనం పదింటికే లేచిపోయారు. మిగతా సగం తెల్లవారుజాము దాకా కదల్లేదు. మర్నాడు ఊళ్లో అందరూ “ఆయనలో ఈ కళ కూడా ఉందా, ఇన్నాళ్లూ దాచుకున్నాడు చూడు” అన్నారు. దాచుకోవడం సంగతి దేవుడెరుగు, కీబోర్డు లేక అలా పాడాడని నాకు తెలుసు.

బ్యాండ్ వదిలేసిన రాక్ గాయకుడి మొదటి సోలో ఆల్బమ్ గురించి ఎక్కడ చదివినా ఇదే పొరపాటు కనిపిస్తుంది. బ్యాండ్‌లో ఊపిరాడలేదు, స్వేచ్ఛ కోసం బయటికొచ్చాడు, మనసులో ఉన్నదంతా పాడేశాడు అంటారు. అందులో నిజం ఉంది, సగం. వేరు కాపురం పెట్టినవాడు ఏం వండుతాడన్నది వాడి నాలుక రుచిని బట్టే కాదు, ఉమ్మడి ఇంటి నుంచి ఏ గిన్నెలు తెచ్చుకోగలిగాడన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది. గొంతు ఒక్కటే ఎవరూ ఆపలేని సామాను. పేరు, పాటలు, కాంట్రాక్టు, తోటి వాయిద్యగాళ్లు, వీటన్నిటికీ పంపకాలు జరగాలి. ఆ పంపకాలు తెలిస్తే తప్ప ఆ ఆల్బమ్ అలా ఎందుకుందో అర్థం కాదు.

పేరు ఎవరి వాటా

ధవళేశ్వరం దాటాక గోదావరి చీలిపోతుంది. ఒక పాయ గౌతమి, ఒక పాయ వశిష్ఠ. అయినా రెండిటినీ గోదావరి అనే అంటాం, ఏ పాయా ఇంకోదాని మీద కేసు వెయ్యదు. బ్యాండ్లకి ఆ సౌకర్యం లేదు. మన ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఆ పేరు ఏ ఒక్క ఇంటిదీ కాదు, ఆ ఊరి చేతిపనిదని చట్టం ఒప్పుకుంది. బ్యాండ్ పేరు అలాంటిది కాదు, వ్యాపారం పేరు. సాధారణంగా అది ఉండిపోయినవాళ్లకి చెందుతుంది, వెళ్లిపోయినవాడికి కాదు. పింక్ ఫ్లాయిడ్ అనే బ్రిటన్ రాక్ బ్యాండ్ నుంచి రోజర్ వాటర్స్ 1985లో బయటికొచ్చి, నేను లేకుండా ఆ పేరేమిటని మరుసటి ఏడాది కోర్టుకెక్కాడు. 1987 చివర్లో రాజీ కుదిరింది. పేరు బ్యాండ్‌లో మిగిలిన డేవిడ్ గిల్మర్, నిక్ మేసన్ల దగ్గరే ఉండిపోయింది. ‘ది వాల్’ ఆల్బమ్ ప్రదర్శన హక్కులు వాటర్స్‌కి దక్కాయి. ఇల్లు వాళ్లకి, తోట ఇతనికి అన్నట్టు.

కొనే జనానికి తెలిసింది బ్యాండ్ పేరే. నిన్నటి దాకా లక్షల మంది కొన్న గొంతే అయినా, కవరు మీద పేరు మారేసరికి కొట్టువాడు ఎక్కడ పెట్టాలో తెలియక తికమకపడతాడు. అందుకే మొదటి సోలో ఆల్బమ్‌కి పేరు పెట్టడం కూడా ఒక తగువు తీర్చుకోవడమే. జెనెసిస్ అనే బ్యాండ్ వదిలొచ్చిన గాయకుడు పీటర్ గేబ్రియల్ ఏం చేశాడో చూడండి. 1977లో వచ్చిన తొలి సోలో ఆల్బమ్‌కి తన పేరే పెట్టాడు, ఇంకే పేరూ లేదు. రెండోదానికీ అంతే. మూడు, నాలుగు కూడా అంతే. ఒకే పత్రిక సంచికలు వరసగా వస్తున్నట్టు నాలుగు ఆల్బమ్‌లకి ఒకటే పేరు. (నాలుగోదానికి అమెరికాలో ‘సెక్యూరిటీ’ అని ఒక చీటీ అంటించారు, వాళ్ల తంటాలు వాళ్లవి.) అభిమానులు గుర్తు కోసం మొదటిదాన్ని ‘కారు’ అంటారు. కవరు మీద వాన చినుకులు నిండిన కారు అద్దం, లోపల గేబ్రియల్. పేరు చూస్తే తనే, బొమ్మలో మాత్రం మొహం సరిగ్గా కనబడదు. మా అన్నయ్య ఫ్లెక్సీ మీద ఫొటో నిండా మొహమే వేయించాడు. ఎవరి ధీమా వాళ్లది.

గేబ్రియల్ ఏం తెచ్చుకున్నాడు

ఈ ఆల్బమ్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే పంపకాలు ఇందులో వినిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా వినిపించవు.

జెనెసిస్ ఇంగ్లండ్‌లో ఒకే బడిలో చదివిన కుర్రాళ్లు 1967లో మొదలుపెట్టిన బ్యాండ్. వాళ్ల పాటలు చిన్నవి కావు. 1972 నాటి ఒక పాట దాదాపు 23 నిమిషాలు నడుస్తుంది, మన హరికథలో ఒక ఘట్టం అంత. ట్యూన్లు అందరూ కూర్చుని కట్టేవాళ్లు, పేర్లు కూడా అందరివీ కలిపే వేసుకునేవాళ్లు. ముందు నిలబడేది మాత్రం గేబ్రియల్. నక్క తల పెట్టుకుని, ఎర్ర గౌను వేసుకుని స్టేజీ మీదికి వచ్చాడు ఒకసారి. ఇక పత్రికలన్నీ బ్యాండ్ అంటే అతనే అన్నట్టు రాయడం మొదలుపెట్టాయి. వేషం కట్టినవాడికి చప్పట్లు, వెనక మేళానికి చెమట. మిగతావాళ్లకి ఎలా ఉండి ఉంటుందో మేళంలో కూర్చున్నవాడిగా నాకు బాగా తెలుసు.

1974 చివర్లో వచ్చిన ‘ది ల్యాంబ్ లైస్ డౌన్ ఆన్ బ్రాడ్‌వే’ అనే రెండు రికార్డుల ఆల్బమ్ దగ్గర పగుళ్లు బయటపడ్డాయి. కథ, మాటలు దాదాపు మొత్తం నేనే రాస్తానని గేబ్రియల్ పట్టుబట్టాడు. సంగీతం తక్కినవాళ్లు కట్టారు. అదే ఏడాది అతనికి పాప పుట్టింది, పుట్టగానే ప్రాణం మీదికొచ్చింది. ఆస్పత్రికీ స్టూడియోకీ మధ్య తిరుగుతున్నవాడి మీద మిగతావాళ్లు చూపించాల్సినంత సానుభూతి చూపలేదు. టూర్ మధ్యలోనే వెళ్లిపోతానని చెప్పాడు, టూర్ పూర్తయ్యే దాకా మాట బయటికి రాలేదు. 1975 ఆగస్టులో లోకానికి తెలిసింది.

ఆ తర్వాత జరిగింది గాయకులందరికీ గుండె గుభేల్‌మనే సంగతి. జెనెసిస్ కొత్త గాయకుడి కోసం చాలామందిని పరీక్షించింది. ఎవరూ నచ్చలేదు. చివరికి డ్రమ్స్ వాయించే ఫిల్ కాలిన్సే మైకు పట్టుకున్నాడు. గేబ్రియల్ లేకుండా 1976లో వచ్చిన ఆల్బమ్ బ్రిటన్ అమ్మకాల పట్టికలో 3వ స్థానానికి ఎక్కింది. అతనితో చేసిన చివరి ఆల్బమ్ 10 దగ్గరే ఆగింది. అంటే అతను ఇంకా స్టూడియోలోకి అడుగు పెట్టకముందే, అతను లేకపోయినా ఆ ఇల్లు నడుస్తుందని తేలిపోయింది.

ఇప్పుడు అతని చేతిలో ఏమున్నాయి? గొంతు, మాటలు. ఇన్నేళ్లూ ఉమ్మడిగా ట్యూన్ కట్టే అలవాటు. ఆ ఉమ్మడి లేదు. అందుకని వేరే దేశం, వేరే మనుషులు. కెనడాలోని టొరంటో, ప్రొడ్యూసర్ బాబ్ ఎజ్రిన్, ఎక్కువమంది అమెరికా స్టూడియోల్లో ఆరితేరిన వాయిద్యగాళ్లు, వాళ్లతో పాటు కింగ్ క్రిమ్సన్ అనే బ్యాండ్ గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్. బేస్ గిటార్ వాయించిన టోనీ లెవిన్ ఆ ఆల్బమ్‌తో వచ్చి దశాబ్దాల పాటు అతనితోనే ఉండిపోయాడు. వేరు కాపురంలో దొరికిన మొదటి నమ్మకస్తుడు.

ఆల్బమ్ వింటే ప్రతి పాటకీ ఒక కొత్త వేషం. ఒకటి పాతకాలపు మంగలి షాపు పాటల పద్ధతిలో నలుగురు గొంతు కలిపే పాట, ఒకటి బార్లో వినిపించే బ్లూస్, ఒకదాని వెనక లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా. ఒక దారంటూ లేదని చాలామంది విమర్శిస్తారు, అది నిజమే. కానీ దాన్ని లోపంగా మాత్రమే చూడబుద్ధి కాదు నాకు. ఉమ్మడి ఇంట్లో నలుగురి రుచికి వండినవాడు మొదటిసారి ఒంటరిగా సంతకెళ్తే అన్నీ కొనేసి సంచీ మోయలేక వస్తాడు. ఇది ఆ సంచీ. చివరి పాట ‘హియర్ కమ్స్ ద ఫ్లడ్’ ఇందులో గిటార్ల మోతతో ఉంటుంది. అదే పాటని రెండేళ్లకి ఫ్రిప్ ఆల్బమ్‌లో దాదాపు ఉత్త గొంతుతో మళ్లీ పాడాడు. రెండూ పక్కపక్కన వింటే సంచీలో ఏది అనవసరమో అతనికే తర్వాత తెలిసిందని అర్థమవుతుంది.

ఒక్క పాటలో మాత్రం సంచీ బరువు లేదు. ‘సాల్స్‌బరీ హిల్’. ఇంగ్లండ్‌లో బాత్ అనే ఊరి దగ్గరున్న చిన్న కొండ పేరు అది. బ్యాండ్ వదలడం గురించిన పాట అని అందరికీ తెలుసు. వింత తాళంలో ఉంది. రాక్ పాట అంటే నాలుగు మాత్రలు. ఇది చాలావరకు ఏడు మాత్రల ఆవృత్తంలో నడుస్తుంది. కాకినాడ సరస్వతీ గాన సభలో కచేరీలు విన్న చెవికి ఏడు కొత్తేమీ కాదు, మిశ్రచాపు, తకిట తకధిమి. నడక వేరు గానీ లెక్క అదే. నాలుగుకి అలవాటుపడ్డ చెవి ఎనిమిదో మాత్ర కోసం కాలు ఎత్తి ఉంచుతుంది, ఈలోపే తర్వాతి వరస మొదలైపోతుంది. గడప దాటేవాడి అడుగులాగా ఒకటి ఎప్పుడూ తక్కువే. ఇంత తిరకాసు ఉన్నా వినేవాడికి తిరకాసే తెలియదు, ఈల వేసుకోవచ్చు. నేను ప్యాడ్స్ మీద మొదటిసారి ప్రయత్నించినప్పుడు మూడుసార్లు జారిపడ్డాను. బ్రిటన్‌లో 13వ స్థానానికి వచ్చింది ఆ పాట. ఆల్బమ్ 7కి చేరింది.

ఇల్లు వేరైనా రాకపోకలు మానలేదు. 1980 నాటి మూడో ఆల్బమ్‌లో డ్రమ్స్ వాయించినవాళ్లలో ఫిల్ కాలిన్స్ కూడా ఉన్నాడు. 1982లో గేబ్రియల్ పెట్టిన వొమాడ్ సంగీతోత్సవం అప్పుల్లో పడితే, ఆ అప్పు తీర్చడానికి జెనెసిస్ పాతవాళ్లు ఒక్క రాత్రి అతనితో కలిసి పాడారు. వేరుపడ్డ అన్నదమ్ములు ఆపదలో అరుగెక్కినట్టు.

పొలం ఎవరిది, పంట ఎవరిది

పేరు పంపకం కన్నా పాటల పంపకం చిక్కుది. ఒక పాట మీద రెండు హక్కులుంటాయి, వీటిని కలిపేసి మాట్లాడటం వల్లే సగం గందరగోళం. మన భాషలో చెప్పుకుంటే ఇలా. పాట మాట, బాణీ అన్నది పొలం. ఆ పాటని ఒక స్టూడియోలో ఒక రోజు పాడి రికార్డు చేస్తే అది ఆ పొలంలో పండిన పంట. సార్వా పంట అమ్మేసినా పొలం ఉంటుంది, దాళ్వాకి మళ్లీ ఊడ్చుకోవచ్చు. ఇంకొకడు కౌలుకి చేసుకున్నా శిస్తు పొలం యజమానికి వెళ్తుంది. రికార్డింగ్ సాధారణంగా కంపెనీది. పొలం రాసినవాడిది, అతను దాన్ని అమ్ముకోకపోతే. ఉత్త గాయకుడు ఈ లెక్కలో ఎవరు? కూలి మాట్లాడుకుని కోత కోసినవాడు.

2017లో ఇళయరాజా తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి లీగల్ నోటీసు పంపినప్పుడు తెలుగువాళ్లందరం బాధపడ్డాం. ఆ గొంతు లేకపోతే ఆ పాటెక్కడిది అన్నాం. మనసుకి అది సబబే, కానీ చట్టం పొలం పట్టా చూస్తుంది. మన కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణలు గాయకులకీ రాయల్టీలో వాటా ఉందన్నాయి. కోతకొచ్చినవాడికి కూలితో పాటు కాస్త ధాన్యం కూడా అన్నమాట.

ఇక జాన్ ఫోగర్టీ కథ. క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ అనే అమెరికా బ్యాండ్ పాటలు దాదాపు అన్నీ అతనే రాశాడు, పాడాడు, గిటార్ వాయించాడు, ప్రొడ్యూసరూ తనే. కానీ రాసిన పాటల హక్కులు ఫాంటసీ అనే కంపెనీ చేతికి వెళ్లాయి. అంటే సొంత పొలంలో కౌలుదారు. 1972లో బ్యాండ్ విడిపోయింది. బ్యాండ్ పోయినా కాంట్రాక్టు పోలేదు, ఇంకా ఆల్బమ్‌లు బాకీ. అప్పుడు 1973లో వచ్చిన అతని తొలి సోలో ఆల్బమ్ చూడండి. వాయిద్యాలన్నీ తనే వాయించాడు. ఒక్క పాట కూడా తను రాసింది కాదు, అన్నీ పాత కంట్రీ, భక్తి పాటలే. కవరు మీద తన పేరు లేదు, ‘బ్లూ రిడ్జ్ రేంజర్స్’ అని లేని బ్యాండ్ పేరు. సంగీత చరిత్రలు దాన్ని పాత పాటల మీద ప్రేమ అని చెబుతాయి. ప్రేమ ఉండే ఉంటుంది. కానీ తను రాసేదేదైనా మళ్లీ ఎవరి గాదెలోకి వెళ్తుందో తెలిసిన మనిషి కొత్త విత్తనం బయటికి తియ్యకపోవడంలో నాకు వింతేమీ కనిపించదు.

తర్వాత కథ ఇంకా విడ్డూరం. 1985లో మళ్లీ పెద్ద హిట్ కొట్టాడు. ఫాంటసీ కంపెనీ కోర్టుకెళ్లింది: ఈ కొత్త పాట ‘ది ఓల్డ్ మ్యాన్ డౌన్ ద రోడ్’, 1970లో నువ్వే రాసి మాకిచ్చిన పాటకి కాపీ అని. తన పాటని తానే దొంగిలించాడన్న నింద! ఫోగర్టీ గిటార్ పట్టుకుని బోనెక్కి, నా చెయ్యి నడిచే తీరే ఇంత అని వాయించి చూపించాడు. 1988లో జ్యూరీ అతని వైపే తీర్పిచ్చింది. లాయర్ ఫీజుల దగ్గర వ్యవహారం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1994లో అక్కడా అతని మాటే నెగ్గింది. ఈ గొడవల్లో 1987 దాకా ఏళ్ల తరబడి స్టేజీ మీద తన పాత పాటలే పాడలేదు. ఆ పాటల హక్కుల్లో పెద్ద వాటా తిరిగి కొనుక్కున్నది 2023లో, బ్యాండ్ విడిపోయి యాభై ఏళ్లు దాటాక.

ఉమ్మడి ఇల్లు అన్నిసార్లూ ఏదో ఒకటి అట్టిపెట్టుకోదు, ఒక్కోసారి వద్దని పక్కన పడేస్తుంది. బీటిల్స్‌లో పాటల వాటా చాలామటుకు లెనన్, మెకార్ట్నీలది. జార్జ్ హారిసన్‌కి ఆల్బమ్‌కి రెండో మూడో. అతని పాటలు అటక మీద పేరుకుపోయాయి. బ్యాండ్ విడిపోయిన 1970లోనే మూడు రికార్డుల ఆల్బమ్ ‘ఆల్ థింగ్స్ మస్ట్ పాస్’ దించాడు. ఆ పేరుతో ఉన్న పాటని ముందటేడే బీటిల్స్ దగ్గర సాధన చేయించి చూశాడు, వాళ్లు తీసుకోలేదు. స్మిత్స్ అనే బ్యాండ్ గాయకుడు మోరిసీది ఇంకో రకం. స్మిత్స్ చివరి ఆల్బమ్ వచ్చిన ఆరు నెలలకే 1988 మార్చిలో సోలో ఆల్బమ్ తెచ్చేశాడు. అతను మాటలు రాస్తాడు, ట్యూన్ కట్టడు. అందుకని పాత ప్రొడ్యూసర్ స్టీఫెన్ స్ట్రీట్ చేతే ట్యూన్లు కట్టించుకున్నాడు. గేబ్రియల్‌కి పట్టినంత కాలం అతనికి పట్టకపోవడానికి అదే కారణం, ఎదురుగానే ఇల్లు దొరికింది.

సోలో అంటే ఒక్కడేనా

ఫ్లెక్సీ మీద ఒకటే మొహం ఉంటుంది. డోలక్ వాయించినవాడి పేరు ఉండదు. దీనికి ఆజీ ఆస్‌బోర్న్ తొలి సోలో ఆల్బమ్‌ని మించిన ఉదాహరణ లేదు.

1979లో బ్లాక్ సబ్బాత్ అనే బ్యాండ్ తన గాయకుడైన అతన్ని తీసేసింది. తాగుడుతో పనికి రావట్లేదని. కొన్ని నెలలు లాస్ ఏంజెలెస్ హోటల్ గదిలో తాగుతూనే ఉన్నాడు. అక్కణ్ణుంచి లేపి నిలబెట్టినవాళ్లలో తర్వాత భార్య అయిన షారన్ ఒకరు. సంగీతం వైపు నిలబెట్టింది ముగ్గురు: కాలిఫోర్నియా కుర్రాడు ర్యాండీ రోడ్స్ గిటార్, బాబ్ డైస్లీ బేస్, లీ కెర్స్‌లేక్ డ్రమ్స్. రోడ్స్ శాస్త్రీయ గిటార్ నేర్చుకున్నవాడు, ఆ ఆల్బమ్‌లో వాళ్లమ్మ పేరు మీద ఒక నిమిషం లోపు శాస్త్రీయ ముక్క కూడా ఉంది. పాటల మాటలు ఎక్కువ భాగం డైస్లీవి. ‘బ్లిజార్డ్ ఆఫ్ ఆజ్’ అన్నది బ్యాండ్ పేరేనని వాళ్లు అనుకున్నారు. 1980 సెప్టెంబర్‌లో రికార్డు వచ్చేసరికి కవరు మీద పెద్ద అక్షరాల్లో ఆజీ ఆస్‌బోర్న్. బ్యాండ్ పేరు ఆల్బమ్ పేరైపోయింది. బ్రిటన్‌లో 7వ స్థానం. కొత్త గాయకుడు రానీ జేమ్స్ డియోతో అదే ఏడాది బ్లాక్ సబ్బాత్ తెచ్చిన ఆల్బమ్ 9. పోటీలో వేరు కాపురమే రెండు మెట్లు పైన.

రెండో ఆల్బమ్ రికార్డింగ్ అయ్యాక డైస్లీనీ కెర్స్‌లేక్‌నీ పంపేశారు. ఆ ఆల్బమ్ కవరు మీద వాయించినవాళ్లుగా పేర్లూ ఫొటోలూ వాళ్ల స్థానంలో వచ్చినవాళ్లవి. రాయల్టీల కోసం వీళ్లిద్దరూ కోర్టుకెళ్లారు. 2002లో ఆ రెండు ఆల్బమ్‌లూ మళ్లీ విడుదలయ్యాయి. వింటే బేస్, డ్రమ్స్ వేరు. పాత వాయింపు చెరిపేసి ఇంకొకరి చేత వాయించి అతికించారు! అభిమానులు గగ్గోలు పెట్టారు. 2011లో అసలు వాయింపు తిరిగి పెట్టాల్సి వచ్చింది. నేనైతే ఈ రెండు విడుదలలూ పక్కన పెట్టుకుని విన్నాను. గొంతు అదే, గిటార్ అదే, పాట మాత్రం వేరే. ఉమ్మడి ఇంట్లో జరిగిన అన్యాయాల గురించి పాడుకుంటూ బయటికొచ్చినవాడి కొత్త ఇంట్లోనూ అదే పంక్తిభేదం. మా అన్నయ్య ట్రూపులో డోలక్ వాయించినతను రెండేళ్లకి పేమెంట్ దగ్గర మాటొచ్చి బయటికెళ్లాడు. ఫ్లెక్సీ మీద మా అన్నయ్య పేరు పక్కన ‘ఫేం’ వేసుకున్నాడు.

ఆజీ 2025 జులై 5న తన సొంతూరు బర్మింగ్‌హామ్‌లో చివరిసారి పాడాడు. నిలబడలేని స్థితి, కుర్చీలో కూర్చునే. ముందు సోలో గాయకుడిగా అయిదు పాటలు. తర్వాత స్టేజీ మార్చి, తనని తీసేసిన పాత బ్లాక్ సబ్బాత్ మనుషులతోనే నాలుగు పాటలు. రెండు కాపురాలూ ఒకే రాత్రి, విడివిడిగా. ఆ అయిదు సోలో పాటల్లో నాలుగు 1980 నాటి ఆ మొదటి ఆల్బమ్‌లోవే. పదిహేడు రోజులకి చనిపోయాడు.